పనికి కుదుర్చుకునే రోజు

కొత్త ఇంట్లో దిగగానే పక్కింటివాళ్లను అడిగే మాటలు కొన్ని ఉంటాయి. మంచినీళ్లు ఏ వేళకు వస్తాయి, పాలు ఎవరు పోస్తారు, చెత్తబండి ఎప్పుడు వస్తుంది. వాటితో పాటే ఇంకో మాట: "పనికి ఎవరైనా దొరుకుతారా అండీ? నమ్మకస్తురాలైతే చాలు. ఎంత తీసుకుంటుంది?" హైదరాబాద్ మియాపూర్ అయినా, విజయవాడ పటమట అయినా, విశాఖ మధురవాడ అయినా ఈ మాటలో పెద్ద తేడా ఉండదు.

నమ్మకం ఒకటి, జీతం ఒకటి అని రెండింటినీ మనం విడివిడిగానే చూస్తాం. నమ్మకం ఆమె గుణాన్ని బట్టి ఉంటుందనీ, జీతం మన బేరాన్ని బట్టి ఉంటుందనీ అనుకుంటాం. నేను ఈ రోజు చెప్పదలచింది ఒకటే. మన ఇల్లు శుభ్రం చేసే మనిషికీ మనకీ మధ్య నమ్మకం నిలుస్తుందా లేదా అన్నది చాలావరకు ఆమెను కుదుర్చుకునే రోజునే, పని లెక్క, డబ్బు లెక్క మాట్లాడుకునే ఆ పది నిమిషాల్లోనే తేలిపోతుంది.

ముందు, ఎవరిని అడగాలి? ఏజెన్సీలు ఉన్నాయి. మనిషిని చూపించినందుకు కమిషన్ తీసుకుంటాయి. ఆ కమిషన్‌లో ఆమె వంతు ఎంత, ఆమె జీతంలోంచి కూడా వాళ్లు ఏమైనా కోస్తున్నారా అన్నది అడిగి తెలుసుకోండి. ఫోన్‌లో బుక్ చేస్తే కాసేపట్లో మనిషిని పంపే కంపెనీలూ వచ్చాయి. 2025 మార్చిలో ముంబైలో అలాంటి సేవ ఒకటి మొదలుపెట్టినప్పుడు, దానికి పెట్టిన పేరులోనే పనిచేసే ఆడవాళ్లను చిన్నచూపు చూశారని చాలామంది అభ్యంతరం చెప్పారు, కంపెనీ పేరు మార్చుకుంది. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ ఈ సేవలు దొరుకుతున్నాయి. చుట్టాలు వెళ్లాక ఒకరోజు ఇల్లంతా కడిగించుకోవడానికి అవి బాగానే ఉంటాయి. రోజూ మన గుమ్మం తొక్కే మనిషి సంగతి వేరు. ఆమె దొరికేది మాత్రం ఇప్పటికీ నోటి మాట మీదే. వాచ్‌మన్ భార్య, కింది అంతస్తులో చేసే ఆవిడ, ఆవిడ చెల్లెలు, ఆవిడ ఊరి మనిషి. మన నగరాల్లో ఈ పని చేస్తున్నవాళ్లలో పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఎన్నో. ఒకరి వెనక ఒకరుగా వస్తారు, ఒకరి పూచీ మీద ఒకరు పనిలో చేరతారు. ఆ పూచీకి వాళ్లలో వాళ్లకు ఎంతో విలువ ఉంటుంది. తాను చూపించిన మనిషి చెడ్డపేరు తెస్తే తన ఇళ్లు కూడా పోతాయని చూపించిన ఆవిడకు తెలుసు.

అంతకుముందు ఆమె పనిచేసిన ఇంటివాళ్లతో మాట్లాడటం మంచిది. కానీ "మంచిదేనా?" అని అడిగితే వచ్చే జవాబు మనకు ఎందుకూ పనికిరాదు. ఎన్నేళ్లు చేసింది, నాగా పెట్టే ముందు ఫోన్ చేసేదా, ఇంట్లో ఎవరూ లేనప్పుడు తాళం చెవి ఇచ్చేవారా, ఎందుకు మానేసింది, ఇలా అడగాలి. ఆఖరి ప్రశ్న ముఖ్యం. "జీతం పెంచమంది, మేం పెంచలేదు" అని వాళ్లే చెబితే అది ఆమె తప్పు కాదు. నిజానికి ఆమె గురించి మంచి సాక్ష్యమే. అడిగి, లేదనిపించుకుని, చెప్పి మానేసిన మనిషి ఆమె.

ఇంకో సంగతి మనం తరచూ మరిచిపోతాం. మనం ఆమె గురించి వాకబు చేస్తున్నట్టే ఆమె కూడా మన గురించి వాకబు చేస్తుంది. పొద్దున్న ఆరింటికి బస్తీ నుంచి నలుగురైదుగురు కలిసి నడిచి వస్తారు కదా, ఆ నడకలో కాలనీలోని ప్రతి ఇంటి చరిత్రా వాళ్ల నోట నడుస్తుంది. "ఆ మూడో నంబరోళ్లు పదో తారీకు దాటినా పైసల్ ఇయ్యరక్కా." "పై ఇంటామె మంచిదే గానీ చుట్టాలొస్తే బోళ్లన్నీ గుట్ట పడ్తయి, ఓ మాట చెప్పదు." ఇల్లు చూడటానికి వచ్చిన ఆవిడ మన వంటగట్టునీ, బాత్రూంనీ, మన మాట తీరునీ చూసే తన ధర చెబుతుంది. ఒక్కోసారి ఆ ధర కొంచెం ఎక్కువగా ఉంటే, మన ఇంటి గురించి ఆమె ఏదో విన్నదన్నమాట.

ఇక డబ్బు దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మన దగ్గర జీతం పని లెక్కన ఉంటుంది. అంట్లు ఒక పని, ఊడ్చి తడిగుడ్డ పెట్టడం ఒక పని, బట్టలు ఒక పని. ఒక్కో పనికి ఇంత. వినడానికి తేలికగా ఉంటుంది. పేచీలన్నీ పుట్టేది కూడా ఇక్కడే. అంట్లంటే ఎవరి అంట్లు? ఇద్దరున్న ఇంటి అంట్లూ, ఆరుగురున్న ఇంటి అంట్లూ ఒకటి కావు. మాడిన కుక్కరు, ఆవకాయ జాడీలు, ఆదివారం బిర్యానీ గిన్నె ఈ లెక్కలోనివేనా? ఇల్లు తుడవడమంటే బాల్కనీ, మెట్లు కూడానా? బాత్రూం కడగడం ఎన్ని రోజులకోసారి, దానికి విడిగా ఎంత? బట్టలు మిషన్‌లో వేస్తే ఆరేయడం, మడతపెట్టడం ఎవరి వంతు? సంక్రాంతికీ దసరాకూ ముందు బూజు దులిపి, ఫ్యాన్లు తుడిచి, సామాన్లన్నీ దించి కడిగే పని నెల జీతంలో ఉన్నట్టా, లేనట్టా? లేనట్టే అని నా అభిప్రాయం. దానికి ఆ రోజు కూలి విడిగా ఇవ్వాలి. ఇవన్నీ మొదటి రోజే నోరు తెరిచి చెప్పుకుంటే, మూడో నెలలో ముఖాలు ముడుచుకునే అవసరం రాదు. చెప్పినవి ఒక కాగితం మీద రాసి ఇద్దరి దగ్గరా ఉంచుకోండి. ఆమెకు చదువు రాకపోతే వాట్సాప్‌లో మాటగా రికార్డు చేసి పంపండి. ఎప్పుడైనా మళ్లీ వినవచ్చు, ఇంట్లో పిల్లలకు వినిపించుకోవచ్చు.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఇది ఉదాహరణకు వేసే లెక్క, మీ ఇంటి అంకెలు మీరు పెట్టుకోండి. నలుగురున్న ఇల్లు. అంట్లు, ఊడ్పు, తడిగుడ్డ. రోజుకు గంటన్నర పడుతుంది. నెలకు 3,000 రూపాయలు అనుకుందాం. రెండు రోజులు సెలవు పోగా 28 రోజులు, అంటే 42 గంటలు. గంటకు 71 రూపాయలు పడింది. పర్వాలేదే అనిపిస్తుంది. ఇలాంటి ఇళ్లు నాలుగు చేస్తే నెలకు 12,000. కాగితం మీద రోజుకు ఆరు గంటల పని. కానీ ఆమె రోజు ఆరు గంటల్లో అయిపోదు. బస్తీ నుంచి కాలనీకి నడక, గేటు దగ్గర రిజిస్టరులో సంతకం, ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకు వెళ్లడం, లిఫ్టు కోసం ఎదురుచూపు, ఒక ఇంట్లో పూజ అయ్యేదాకా బయట నిలబడటం. ఆరింటికి బయల్దేరిన మనిషి రెండింటికి గానీ ఇల్లు చేరదు. ఆ ఎనిమిది గంటలనూ లెక్కలో వేస్తే గంటకు 54 రూపాయల లోపే మిగిలింది. దాంట్లోనే గది కిరాయి, గ్యాస్, పిల్లల ఫీజు, ఊళ్లో ఉన్న అమ్మానాన్నల మందులు.

అయిదో ఇల్లు పట్టుకోవచ్చు కదా అంటారా? పట్టుకోలేదు. ఎందుకంటే ఎక్కువమందికి ఆమె కావలసింది పొద్దున్న ఏడుకీ పదికీ మధ్యనే. ఆఫీసుకు వెళ్లేవాళ్లు ఎనిమిదిన్నరలోపు పని అయిపోవాలంటారు, పూజ చేసుకునేవాళ్లు ముందే ఇల్లు తుడవాలంటారు. ఆమె పని గంటల్లో గిరాకీ ఉన్నవి ఆ మూడే. ఆ వేళలో మన ఇంటికి వచ్చిందంటే ఇంకో ఇంటిని వదులుకుని వచ్చిందన్నమాట. అందుకే జీతం దగ్గర బేరమాడే బదులు వేళ దగ్గర సర్దుకోమని చెబుతాను. "పదకొండు తర్వాత ఎప్పుడైనా రండి, మాకు తొందర లేదు" అని చెప్పి చూడండి. రిటైరైనవాళ్లు, ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ఈ మాట హాయిగా చెప్పగలరు. ఆమె పొద్దుటి గంటలు మిగులుతాయి, మీరిచ్చేది ఆమెకు అదనంగా వచ్చే జీతమవుతుంది. అప్పుడు ఆమే ధర దగ్గర సర్దుకుంటుంది. ఇద్దరికీ నష్టం లేని బేరం నాకు తెలిసినంతలో ఇదొక్కటే.

సరైన ధర ఎంతో తెలుసుకోవడానికి అపార్ట్‌మెంట్‌లో అందరికంటే తక్కువ ఎవరు ఇస్తున్నారని కాదు, ఒకే మనిషి ఏళ్ల తరబడి చేస్తున్న ఇల్లు ఏదో కనుక్కుని వాళ్లు ఎంత ఇస్తున్నారో అడగాలి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కొన్ని అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో "ఎవరూ ఇంతకంటే ఎక్కువ ఇవ్వొద్దు, మిగతావాళ్లకు అలవాటు చేయొద్దు" అని తీర్మానాలు చేస్తుంటారు. వందమంది ఉద్యోగస్తులు ఒక్కటై ఒక ఒంటరి ఆడమనిషి కూలిని బిగించి పట్టుకోవడం అన్యాయం. మన ఆఫీసులో మన జీతం విషయంలో ఇలా చేస్తే మనం ఊరుకోం.

ఆడవాళ్లకు బస్సు ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఉచితమైంది. దూరంగా ఉన్న బస్తీల నుంచి వచ్చి పనిచేసుకునేవాళ్లకు ఇది ఎంతో మేలు చేసింది. "ఇప్పుడు మీకు బస్సు ఖర్చు లేదుగా" అని జీతం పెంచకుండా ఆపినవాళ్లనూ చూశాను. ప్రభుత్వం ఆమె చేతిలో పెట్టిన ఆ నాలుగు డబ్బులు మన పర్సులోకి రావలసినవి కావు.

జీతం ఎంత అన్నదానికంటే ఎప్పుడు ఇస్తామన్నదే ఒక్కోసారి ఎక్కువ. ఒకటో తారీకు అంటే ఒకటో తారీకే. మనకు అయిదు రోజులు ఆలస్యమైతే ఏమీ కాదు, ఆమెకు అయిదు రోజులు ఆలస్యమైతే వడ్డీకి తేవాల్సి వస్తుంది. నోట్లా, ఫోన్‌పేనా అన్నది కూడా ఆమెనే అడగండి. కొందరికి ఖాతాలో వేస్తేనే నిలుస్తుంది. మరికొందరి ఏటీఎం కార్డు భర్త చేతిలో ఉంటుంది, ఖాతాలో పడిన డబ్బు ఆమెకు కనబడదు. ఆ సంగతి ఆమె మనకు చెప్పుకోనక్కర్లేదు. "ఎలా ఇమ్మంటారు?" అని అడిగితే చాలు.

నాగాల గురించి. మనకు ఆదివారాలున్నాయి, పండగలున్నాయి, క్యాజువల్ లీవులున్నాయి. ఆమెకు నెలలో కనీసం రెండు రోజులు, నన్నడిగితే నాలుగు రోజులు, జీతం కోయని సెలవు ఉండాలి. సెలవు ఉందని తెలిసిన మనిషే ముందుగా చెప్పి మానుతుంది. రోజు మానితే రోజు జీతం కోసే ఇంట్లో అబద్ధాలు పుడతాయి. ఊళ్లో ముసలమ్మ నెలకోసారి చచ్చిపోతుందని మనం విసుక్కుంటాం. పిల్లకు జ్వరమని నిజం చెబితే డబ్బు పోయే ఇంట్లో ఆమె ఇంకేం చెబుతుంది? మనం ఎండాకాలంలో పదిహేను రోజులు ఊరెళ్లినప్పుడు జీతం కోయడం కూడా తప్పే. మానింది ఆమె కాదు, ఇంట్లో లేనిది మనం. ఆ పదిహేను రోజుల కోసం ఆమె ఇంకో ఇంట్లో చేరి, మనం తిరిగి వచ్చాక ఆ ఇంటిని వదిలిరాలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు గేట్లు మూశారు. ఇంట్లో కూర్చోబెట్టి జీతం పంపిన ఇళ్లూ ఉన్నాయి, "పని లేదుగా" అన్న ఇళ్లూ ఉన్నాయి. ఏ ఇల్లు ఏం చేసిందో ఆ బస్తీల్లో ఇప్పటికీ పేరుపేరునా చెబుతారు.

ఇక నమ్మకానికి సంబంధించిన కష్టమైన మాట. ఇంట్లో ఒక వస్తువు కనబడకపోతే మన ఆలోచన మొదట ఎటు పోతుందో మనందరికీ తెలుసు. 2025 ఏప్రిల్‌లో తిరువనంతపురంలో జరిగింది చెబుతాను. బంగారు గొలుసు పోయిందని యజమానురాలు ఫిర్యాదు చేస్తే, ఆ ఇంట్లో పనిచేసే ఒక దళిత మహిళను పోలీసులు స్టేషన్‌కు రప్పించి రాత్రంతా ఉంచి ప్రశ్నించారు. తాగడానికి నీళ్లడిగితే బాత్రూంలోకి వెళ్లి తాగమన్నారని ఆమె తర్వాత చెప్పింది. ఆ గొలుసు చివరికి యజమానురాలి ఇంట్లోనే దొరికింది. సబ్ ఇన్‌స్పెక్టర్‌ను సస్పెండ్ చేశారు. కానీ ఆ రాత్రిని ఆమెకు ఎవరు తిరిగి ఇవ్వగలరు?

అందుకే నేను చెప్పేది, నగలు, డబ్బు బీరువాలో పెట్టి తాళం వేయండి. ఇది ఆమెను అవమానించడం కాదు. ఉంగరం తీసి గట్టు మీద పెట్టి మరిచిపోయే మన అలవాటు వల్ల రేపు ఆమె మీద నింద పడకుండా కాపాడటం. ఏదైనా కనబడకపోతే ముందు ఇల్లంతా వెతకండి, ఇంట్లోవాళ్లందరినీ అడగండి. ఆమెను అడగాల్సి వస్తే "మీకు ఎక్కడైనా కనబడిందా?" అని, ఇంట్లో అందరినీ అడిగిన గొంతుతోనే అడగండి. ఆమె సంచి తెరిచి చూసే హక్కు, ఒళ్లు తడిమి చూసే హక్కు మనకు లేవు, గేటు దగ్గర సెక్యూరిటీకీ లేవు. నిజంగా దొంగతనం జరిగిందని ఆధారం ఉంటే పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి, విచారణ వాళ్లను చేయనివ్వండి.

గుర్తింపు వివరాలు తీసుకోవడంలో తప్పు లేదు. ఆధార్ జిరాక్స్, ఫోన్ నంబరు, ఉండే చోటు, ఏదైనా అయితే ఎవరికి చెప్పాలో ఆ నంబరు. ఆఖరిది చాలామంది తీసుకోరు. ఆమెకు మన ఇంట్లో కళ్లు తిరిగి పడిపోతే ఎవరికి ఫోన్ చేస్తాం? పోలీస్ స్టేషన్‌లో వివరాలు సరిచూడమని ఇవ్వదలిస్తే ఆమెకు ముందే చెప్పి, ఎందుకో వివరించి ఇవ్వండి. ఒరిజినల్ ఆధార్ గానీ, రేషన్ కార్డు గానీ మన దగ్గర అట్టేపెట్టుకోకూడదు. మన పూర్తి పేరు, ఫ్లాట్ నంబరు, ఇంట్లో ఎవరెవరు ఉంటారో ఆమెకూ రాసి ఇవ్వాలి. ముక్కూమొహం తెలియని ఇంట్లోకి, తలుపు వేసి ఉన్న గదుల్లోకి ఒంటరిగా వచ్చేది ఆమె. భయపడే హక్కు మనకంటే ఆమెకే ఎక్కువ ఉంది. పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం మన ఇంటిని కూడా పనిచేసే చోటుగానే లెక్కిస్తుంది. ఇంటిపని చేసేవాళ్లు జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు.

చట్టం మాట వచ్చింది కాబట్టి. 2011 జూన్ 16న జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివారి కోసం 189వ ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం అనుకూలంగా ఓటు వేసింది కానీ దాన్ని మన దేశంలో అమలుకు ఇంకా అంగీకరించలేదు. కర్ణాటక 2004లోనే ఇంటిపనికి కనీస వేతనం ప్రకటించింది. ఆ తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఈ పనిని కనీస వేతనాల జాబితాలో చేర్చారు. అయితే కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్ ఫ్యాక్టరీ గేటు దాటినట్టు ఇంటి గడప దాటి వచ్చి జీతం రిజిస్టరు చూడడు. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు ఇంటిపనివారికి రక్షణ కల్పించే చట్టం అవసరాన్ని పరిశీలించడానికి కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది. చట్టం వచ్చేదాకా ఆమెకు చట్టమైనా, న్యాయమైనా మన వంటింట్లో మనం ఆడే మాటే.

అందుబాటులో ఉన్నవాటిని మాత్రం అందేలా చూడవచ్చు. 2021 ఆగస్టు 26న మొదలైన ఈ-శ్రమ్ పోర్టల్‌లో 16 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న అసంఘటిత కార్మికులు పేరు నమోదు చేసుకుంటే 12 అంకెల నంబరుతో కార్డు వస్తుంది. 2019లో వచ్చిన ప్రధానమంత్రి శ్రమయోగి మాన్‌ధన్ పింఛను పథకంలో 18 నుంచి 40 ఏళ్లవాళ్లు, నెల సంపాదన 15,000 దాటనివాళ్లు చేరవచ్చు. వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయలు కట్టాలి, కేంద్రం అంతే కలుపుతుంది. అరవై నిండాక నెలకు 3,000 పింఛను. 29 ఏళ్లకు చేరిన మనిషి కట్టాల్సింది నెలకు వంద రూపాయలు. ఆమె చేసే నాలుగు ఇళ్లవాళ్లూ తలా పాతిక రూపాయలు జీతం మీద కలిపి ఇస్తే ఆమె చేతి నుంచి రూపాయి పడదు. ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలతో కామన్ సర్వీస్ సెంటర్‌కు వెళితే చేర్చుకుంటారు. ఒక మధ్యాహ్నం మనమే వెంట వెళ్లి చేర్పించవచ్చు.

పిల్లల విషయం ఒక్క మాటలో చెబుతాను, ఎందుకంటే ఇందులో రెండో ఆలోచనకు చోటు లేదు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకోవడం 2006 అక్టోబర్ 10 నుంచి నేరం. 2016 సవరణ తర్వాత ఆ వయసు పిల్లలతో ఏ కూలిపనీ చేయించకూడదు. "మా పిల్లలాగే చూసుకుంటాం, చదివిస్తాం" అని ఊరి నుంచి ఆడపిల్లను తెచ్చుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మన పిల్లలు మన అంట్లు తోముతూ బడి మానరు. అలాంటి పిల్ల కనబడితే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.

కుదుర్చుకున్నాక పని నాణ్యత గురించి కూడా మాట్లాడాలి. శుభ్రంగా చేయడం లేదు అనే ఫిర్యాదు వచ్చిన ఇళ్లలో నేను చూసింది, అరిగిపోయిన చీపురు, నీళ్లు పిండని మాపు, సబ్బు లేని పీచు. సరైన సామాను ఇవ్వకుండా మెరుపు కావాలంటే ఎలా? పొడుగు కర్ర ఉన్న మాపు ఇస్తే మోకాళ్లు నిలుస్తాయి. రబ్బరు గ్లవుజులు ఇస్తే వేళ్ల సందుల్లో పాచి పుండ్లు పడవు. ఇంకో ముఖ్యమైన జాగ్రత్త. బాత్రూంలో వాడే యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ ఎప్పుడూ కలిపి వాడనివ్వకండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. చిన్న బాత్రూంలో తలుపు దగ్గరగా వేసుకుని కడిగే మనిషి ఊపిరితిత్తులకు అది ప్రమాదం. యాసిడ్ సీసాల మీద ఉండే చిన్న అక్షరాలు ఆమె చదవలేకపోవచ్చు. చదివి చెప్పడం మన పని.

పొద్దున్న ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఆమె బాత్రూంకు ఎక్కడికి వెళుతుందని ఎప్పుడైనా ఆలోచించామా? నాలుగు ఇళ్లలో ఎనిమిది బాత్రూంలు కడిగి, ఒక్కదాన్నీ వాడుకోలేక, అందుకే నీళ్లు తాగడం తగ్గించుకుని, చివరికి మూత్రంలో మంటతో ఆస్పత్రికి వెళ్లే ఆడవాళ్లు ఎందరో. "బాత్రూం వాడుకోండి" అని మొదటి రోజే చెప్పండి. ఆమె తనంతట తాను అడగదు. విడిగా పెట్టిన స్టీలు గ్లాసు, "పనివాళ్లు ఈ లిఫ్టు వాడరాదు" అన్న బోర్డు, సోఫా పక్కన నేల మీద కూర్చోబెట్టి టీ ఇవ్వడం, వీటి వెనక కులం ఉంది. ఎంత శుభ్రం పేరు చెప్పినా సరే. మన ఇంటి శుభ్రతంతా ఎవరి చేతుల మీదుగా వస్తోందో ఆ చేతులు తాకిన గ్లాసు మైలపడదు.

పని నచ్చకపోతే ఆ రోజే, ఆమెతోనే, చూపించి చెప్పండి. నెలంతా లోపల దాచుకుని జీతం ఇచ్చే రోజు అంతా కక్కేయకండి. మొదటి నెల ఇద్దరికీ పరీక్షగా పెట్టుకోవచ్చు. ఆ మాట ముందే అనుకోవాలి. తర్వాత మాన్పించాల్సి వస్తే నెల ముందు చెప్పాలి, లేదా నెల జీతం చేతిలో పెట్టాలి. ఆమె మానేసేటప్పుడూ అంతే గడువు అడగవచ్చు. మనం పాటిస్తే ఆమె కూడా పాటిస్తుంది. ఏటా జీతం పెంపు ఎప్పుడో కూడా మొదటే చెప్పండి, ఉగాదికో, సంక్రాంతికో. ఆమె అడిగి చిన్నబోయే పరిస్థితి రాకూడదు. పండగకు ఒక నెల జీతం ఇచ్చే పద్ధతి చాలా ఇళ్లలో ఉంది. చీర ఇచ్చి ఊరుకోవద్దు. చీర ఆమె కొనుక్కోగలదు.

బదిలీ అయ్యో, సొంత ఇల్లు కట్టుకునో మనం ఊరు మారే రోజు వస్తుంది. సామాను లారీకెక్కించే హడావుడిలో ఆమె సంగతి మరుగున పడిపోతుంది. నెల రోజుల ముందే ఆమెకు చెప్పండి. చుట్టుపక్కల ఇళ్లలో మీరే అడగండి. వెళ్లే ముందు ఒక కాగితం మీద, ఎన్నేళ్లు చేసింది, ఏ పనులు చేసింది, ఎంత జీతం ఇచ్చాం అని రాసి, సంతకం పెట్టి, మీ ఫోన్ నంబరు వేసి ఇవ్వండి. జీతం అంకె తప్పకుండా రాయండి. కొత్త ఇంటివాళ్లతో బేరం అక్కడి నుంచి మొదలవుతుంది, దానికంటే కిందికి రాదు. వాళ్లు మీకు ఫోన్ చేస్తే, ఎంత పనిలో ఉన్నా, తీసి మాట్లాడండి.